ఫిడేలు నాయుడుగారు – వణుకు వేరు, కంపితం వేరు



నవంబరు నెల వచ్చిందంటే మనలో ప్రతి ఒక్కరికీ ముందుగా గుర్తుకు వచ్చేది లైఫ్ సర్టిఫికెట్టు. బతికే ఉన్నామని మనమే వెళ్లి చెప్పి రావలసిన కాలం అది. సంగీత ప్రియులకు ఆ నెలలో మరో విశేషం కూడా ఉంది. ఫిడేలు నాయుడుగారని తెలుగువారు ఆప్యాయంగా పిలుచుకున్న వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పుట్టింది నవంబరులోనే, వెళ్లిపోయిందీ నవంబరులోనే. ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు మరో పేరు తోచలేదు.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో రిటైరై, అరవయ్యో యేట నాచారంలో ఒక మాస్టారి దగ్గర వయొలిన్ మొదలుపెట్టినవాణ్ణి. నాయుడుగారు కాలం చేసేనాటికి నాకు పద్నాలుగేళ్లు. నల్గొండ జిల్లాలోని ఒక పల్లెలో ఉన్న నాకు అప్పట్లో ఆయన పేరైనా తెలియదు. రోజూ ఆయన రికార్డు ఒకటి విని ఆ తరువాతే విల్లు పట్టమని మాస్టారు పెట్టిన నియమం వల్ల పదిహేనేళ్లుగా ఆయన నాకు పరిచయం. రెండేళ్ల కిందట నా కుడిచేతికి వణుకు వచ్చింది. వణికే చేతితో విల్లు పట్టవచ్చునా, లేక వాయిద్యాన్ని పెట్టెలో పెట్టి మూత వేసుకోవలసిందేనా అన్న ప్రశ్న నన్ను కొన్ని నెలలు సరిగా నిద్రపోనివ్వలేదు. ఆ నెలల్లో నాకు తోడుగా ఉన్నది నాయుడుగారి జీవితమే. అందువల్ల ఆయన కథ చెబుతూ, సందర్భం వచ్చిన చోట నా సంగతి కూడా కొద్దిగా చెబుతాను. పాఠకులు మన్నించాలి.

బాల్యం

వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు బెంగుళూరులో జన్మించారు. తండ్రిగారు సైనికోద్యోగి. నాయుడుగారు పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నతనం నుంచీ ఆయనకు చూపు మందం. అన్నగారు వెంకటకృష్ణయ్య గారికి వయొలిన్ వచ్చు. తమ్ముడికి తొలి గురువు ఆయనే.

చూపు తక్కువైన పిల్లవాడి చేతికి వయొలిన్ ఎలా ఇచ్చారా అని కొందరికి సందేహం రావచ్చు. వీణకు 24 మెట్లు ఉంటాయి. ఏ స్వరం ఎక్కడుందో కంటితో చూసి వేలు పెట్టవచ్చు. వయొలిన్‌కు మెట్లు లేవు. నున్నటి నల్లచెక్క మీద నాలుగు తీగలు, అంతే. వెంట్రుకవాసి ముందుకు జరిగినా, వెనక్కు జరిగినా అపస్వరమే. కన్ను ఎంత చురుకైనదైనా అక్కడ పెద్దగా ఉపయోగం లేదు. చెవి చెప్పాలి, వేలు వినాలి. చూపు మందమైన ఆ పిల్లవాడు చిన్ననాటి నుంచీ చెవినే నమ్ముకున్నాడు. ముందుముందు లోకం మెచ్చిన ఆయన నాదానికి పునాది అక్కడే పడిందని నా నమ్మకం.

పరదేశపు వాయిద్యం

వయొలిన్ మన దేశపు వాయిద్యం కాదన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసు దగ్గరి మణలిలో ఉండగా ఒక ఐరోపా వాద్యకారుని వద్ద దీన్ని నేర్చి, మన రాగాలకు వాడుకలోకి తెచ్చారు. తంజావూరు సోదరులు నలుగురిలో ఒకరైన వడివేలు గారికి తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వయొలిన్ బహూకరించారు. ఆ తరువాత వందేళ్లలో అది లేనిదే గాత్ర కచేరీ లేదన్న స్థితి వచ్చింది.

వాయిద్యం అదే అయినా పట్టుకునే తీరు మారింది. పాశ్చాత్యులు నిలబడిగానీ, కుర్చీలో కూర్చుని గానీ, గడ్డానికీ భుజానికీ మధ్య వయొలిన్‌ను బిగించి పట్టుకుంటారు. మనవారు నేలమీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడిపాదం మీద ఆనించి, రెండో కొసను ఎడమ ఛాతీకి ఆనిస్తారు. దీనివల్ల వాయిద్యాన్ని మోసే పని ఎడమచేతికి తప్పుతుంది. ఆ చేయి తీగ మీద పైకీ కిందికీ స్వేచ్ఛగా జారగలదు. మన సంగీతానికి ప్రాణమైన గమకానికి కావలసింది ఆ జారుడే.

విజయనగరం

1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల స్థాపించారు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు, ఆ అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే చివరికి కళాశాలగా రూపుదాల్చిందని ఆ కళాశాల చరిత్రలో చెబుతారు. ఒక ఉద్యోగి ఇంటి కష్టం నుంచి పుట్టిన విద్యాలయం అది. జీవితమంతా ఉద్యోగం చేసిన మనకు ఈ మాట వింటే ఒక రకమైన సంతోషం కలుగుతుంది.

దాని మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945). ఆ కళాశాలలో విద్యార్థిగా చేరాలని నాయుడుగారు విశాఖ నుంచి వచ్చారు. దాసుగారు ఆయన చేత వాయింపించి విన్నారు. ఈ కుర్రవాడు నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని నిర్ణయించారు. అలా విద్యార్థిగా చేరడానికి వచ్చిన మనిషి 26వ యేట అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు. దరఖాస్తు ఒక పోస్టుకు, ఉత్తర్వులు మరో పోస్టుకు అన్నమాట. మన సర్వీసులో ఇటువంటి అదృష్టం ఎవరికైనా పట్టిందేమో నాకు తెలియదు.

1936లో దాసుగారి తరువాత నాయుడుగారే ప్రిన్సిపాలు అయ్యారు. మన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు (1922–1974) ఆ కళాశాలలో చదువుకున్నప్పుడు ప్రిన్సిపాలు నాయుడుగారే. నూకల చినసత్యనారాయణ గారు కూడా అక్కడ నాయుడుగారి దగ్గర వయొలిన్ నేర్చినవారే. తరువాత గాత్రంలో పేరు తెచ్చుకుని, మన జంటనగరాల్లో స్థిరపడి ఎందరికో విద్య నేర్పారు. 2010లో పద్మభూషణ్ అందుకుని, 2013లో స్వర్గస్థులయ్యారు. ఇలా నాయుడుగారి విద్య మన ఊరి దాకా కూడా వచ్చింది.

విల్లు పని

నాయుడుగారు యువకులుగా ఉన్నప్పుడు కచేరీలకు మైకులు లేవు. చివరి వరుసలో కూర్చున్నవారికి వినపడాలంటే వాయిద్యమే గట్టిగా పలకాలి. ఆయన సమకాలికులు మైసూరు చౌడయ్య గారు (1895–1967) ఇందుకోసం ఏడు తీగల వయొలిన్ తయారు చేయించుకున్నారు. నాయుడుగారు నాలుగు తీగలతోనే ఉండి, విల్లు మీద కృషి చేశారు. పాశ్చాత్య విద్వాంసుల గ్రామఫోను రికార్డులు శ్రద్ధగా విని, వారు విల్లు నడిపే తీరులో మేలైనది తీసుకున్నారు. వాయించేది మాత్రం అచ్చమైన మన రాగమే. వీరిద్దరినీ, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై గారినీ కలిపి ఆ తరం వయొలిన్ త్రిమూర్తులని అనేవారు.

ఆయన రికార్డు వింటే మొదట పట్టుబడేది విల్లు పొడవు. విల్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తుంది, నాదం ఎక్కడా సన్నబడదు, గీరుకోదు. 78 స్పీడు రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే. అంత తక్కువ వ్యవధిలోనూ తొందర కనిపించదు. రెండోది, నిలవవలసిన స్వరం నిలిచే ఉంటుంది. షడ్జమం, పంచమం స్తంభం పాతినట్లు ఉంటాయి. ఊగవలసిన స్వరం మాత్రమే ఊగుతుంది, ఎంత ఊగాలో అంతే ఊగుతుంది.

కంపితం, వైబ్రాటో

ఇక్కడ ఒక చిన్న పాఠం చెప్పక తప్పదు. పాశ్చాత్య వయొలిన్‌లో వైబ్రాటో అని ఒక ప్రక్రియ ఉంది. వేలు ఒక స్వరం మీద పెట్టి, మణికట్టునో ముంజేతినో ఊపితే స్వరం కొద్దిగా దిగి మళ్లీ స్థానానికి వస్తుంది. సాధారణంగా సెకనుకు 5 నుంచి 7 సార్లు. ఊపు చాలా సన్నం. వినేవారికి అదే స్వరం, కాస్త వెచ్చగా, మనిషి గొంతులా వినిపిస్తుంది.

మన కంపితం అలాంటిది కాదు. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. అది రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు తీసేసి గాంధారాన్ని కదలకుండా పెడితే అది తోడిలా వినిపించదు. వైబ్రాటో స్వరానికి వేసిన పూలదండ అనుకుంటే, కంపితం స్వరం ప్రాణమే. అందుకే మనకు ఎక్కడ ఊపాలి, ఎంత ఊపాలి, ఎక్కడ ఊపకూడదు అన్నది రాగం నిర్ణయిస్తుంది, వాయించేవారి చేయి కాదు.

పాశ్చాత్యుల్లో కూడా దీని మీద పెద్ద వాదనే జరిగింది. సుప్రసిద్ధ స్వరకర్త మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ మొజార్ట్ 1756లో ఒక వయొలిన్ పాఠ్యగ్రంథం అచ్చువేశారు. ప్రతి స్వరానికీ చేయి ఊపేవారిని వణుకు రోగం పట్టినవారితో పోల్చి అందులో ఎగతాళి చేశారు. 1921లో లియోపోల్డ్ ఆవర్ అనే పేరుపొందిన గురువు కూడా అన్ని స్వరాలకూ వైబ్రాటో వద్దని పుస్తకంలో హెచ్చరించారు. మరోపక్క ఫ్రిట్జ్ క్రైస్లర్ (1875–1962) ఎడతెగని వైబ్రాటోతో గ్రామఫోను రికార్డుల ద్వారా ప్రపంచాన్ని ఆకట్టుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఆయన దారిలోనే నడుస్తున్నారు.

ఈ రెండు పద్ధతులూ మా ఇంట్లో ఒకే గదిలో సాగుతాయి. మా మనవరాలు హబ్సిగూడలో పాశ్చాత్య పద్ధతిలో గ్రేడు పరీక్షలకు నేర్చుకుంటోంది. ఆమెకు వైబ్రాటో మొదలుపెట్టినప్పుడు విల్లే ఇవ్వలేదు. ఎడమ అరచేతి మడమను వాయిద్యానికి ఆనించి, రెండో వేలిని తీగ మీద బట్టతో తుడిచినట్లు ముందుకీ వెనక్కీ జరపమన్నారు. ఆ తరువాత వేలు ఒకే చోట నిలిపి మొదటి కణుపు వంచడం, చాచడం. బొటనవేలు బిగిస్తే పని జరగదు. తరువాత నిమిషానికి 60 దెబ్బలు కొట్టే మెట్రోనోము పెట్టి దెబ్బకు ఒక ఊపు, కొన్నాళ్లకు రెండు, మూడు, నాలుగు. ఊపు ఎప్పుడూ స్వరం నుంచి కిందికి దిగి మళ్లీ స్వరానికి రావాలి. మొదటి నెలలో వినడానికి మేకపిల్ల అరుపులా ఉండేది. మూడో నెల దాటాక ఒకరోజు సాయంత్రం వంటింట్లో నుంచి మా ఆవిడ తొంగిచూసి, రేడియో ఎవరు పెట్టారని అడిగింది.

నాకు మాస్టారు చెప్పింది వేరు. ముందు మాయామాళవగౌళలో సరళీ వరుసలు, ప్రతి స్వరానికీ ఒక పూర్తి విల్లు. స్వరం కదలకుండా నిలపడం వచ్చేదాకా కంపితం మాట ఎత్తనివ్వలేదు. ఏడాదిన్నర పట్టింది. తరువాత తోడి గాంధారాన్ని విలంబంలో, ఒక్కొక్క ఊపు లెక్కపెట్టుకుంటూ. మనలో టైపురైటింగ్ లోయరు పాసైనవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. నిమిషానికి 30 మాటలు కొట్టే ముందు ఎన్ని నెలలు అవే నాలుగు అక్షరాలు కొట్టామో గుర్తుందా? వేగం తరువాత తనంతట తానే వస్తుంది. తొందరపడి తెచ్చుకున్న వేగంలో తప్పులే ఎక్కువ.

తీగ ఒత్తిడికి ఎడమచేతి వేళ్ల కొనలు కాయ కాస్తాయి. ఒక ఏడాది లైఫ్ సర్టిఫికెట్టుకు వెళితే నా ఎడమ చూపుడు వేలిని యంత్రం గుర్తుపట్టనే లేదు. కుడి బొటనవేలు పెట్టాక గానీ నేను బతికి ఉన్నట్లు తేలలేదు. నాయుడుగారి రికార్డులు విని సంపాదించిన ఆస్తి అదొక్కటే అని ఇంట్లో నవ్వుకుంటాం.

పక్కవాద్యం నుంచి ముందు వరుసకు

తిరిగి నాయుడుగారి దగ్గరకు వద్దాం. ఆయన కాలం దాకా కచేరీలో వయొలిన్ అంటే ప్రధానంగా పక్కవాద్యం. గాయకుడు పాడిన దానిని నీడలా వెంబడించాలి, తన వంతు వచ్చినప్పుడు నాలుగు ఆవృత్తాలు వాయించి మళ్లీ వెనక్కు తగ్గాలి. ఫైలు మీద నోటు రాసేది గుమాస్తా, సంతకం ఆఫీసరుది అన్నట్లు. నాయుడుగారు గొప్ప గాయకులకు పక్కవాద్యం వాయించారు, దానిని చిన్నతనంగా ఎన్నడూ భావించలేదు. అయితే వయొలిన్ ఒంటరిగా కచేరీని మోయగలదని కూడా నిరూపించారు. 1938లో వెల్లూరులో చేసిన సోలో కచేరీని ఆ దారిలో తొలి మైలురాయిగా చెబుతారు. ఇవాళ వయొలిన్ సోలో కచేరీకి టిక్కెట్టు కొని వెళుతున్నామంటే ఆ దారి వేసిన మొదటి తరంలో ఆయన ముఖ్యులు.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు లభించింది. 1952లో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో అంధుల సహాయనిధి కోసం కచేరీ చేశారు. చూపు మందమైన మనిషి, అంధ బాలుని కోసం మొదలైన కళాశాలకు పెద్ద అయిన మనిషి, అంధుల కోసం విల్లు పట్టాడు. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించిన సంగతి ఇదే. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

ఆ దశాబ్దంలోనే, 1952లో, ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ మొదటిసారి మన దేశానికి వచ్చారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారింట ఆయన నాయుడుగారి వాద్యం విని ఎంతో ముగ్ధులయ్యారని చెబుతారు. ఒకరు నిలబడి వాయించేవారు, మరొకరు నేలమీద కూర్చుని వాయించేవారు. ఒకరిది వైబ్రాటో, మరొకరిది కంపితం. వాయిద్యం ఒక్కటే, దాని మర్మం ఇద్దరికీ తెలుసు.

నా వణుకు సంగతి

మొదట చెప్పిన ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. కాఫీ గ్లాసు ఎత్తినా, సంతకం పెట్టినా నా కుడిచేయి వణకడం మొదలైంది. ఊరికే ఒడిలో పెట్టుకుంటే వణకదు. నరాల డాక్టరుగారు పరీక్షించి ఇది పార్కిన్సన్ కాదని తేల్చారు. పార్కిన్సన్‌లో చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు వణుకు ఎక్కువట. పని చేసేటప్పుడు వచ్చే ఈ వణుకును ఎసెన్షియల్ ట్రెమర్ అంటారట. వయసుతో పాటు చాలామందికి వస్తుందనీ, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఉంటుందనీ, టీ కాఫీలు దానిని పెంచుతాయనీ చెప్పారు. ఆ వణుకు సెకనుకు 4 నుంచి 12 సార్లు ఉంటుందన్నారు.

ఆ అంకె విన్నప్పుడు నా మనసులో ఒక్కసారి మెరిసింది. మా మనవరాలు నెలల తరబడి కష్టపడి సంపాదించిన వైబ్రాటో సెకనుకు 5 నుంచి 7. నాకు ఉచితంగా వచ్చిన వణుకూ దాదాపు అదే లెక్క. వేగంలో తేడా లేదన్నమాట. ఇంటికి వచ్చే దారిలో ఉప్పల్ రోడ్డు మీద ఎన్.జి.ఆర్.ఐ. దాటాం. భూమి ఎక్కడ కంపించినా కొలిచే శాస్త్రజ్ఞులు మన పక్కనే ఉన్నారు. కానీ కొలిస్తే ఒకటిగానే కనిపించే రెండు కదలికల్లో ఒకటి సంగీతం, మరొకటి జబ్బు ఎలా అయ్యాయన్నది ఏ యంత్రం చెబుతుంది?

ఆ రాత్రి నాయుడుగారి తోడి పెట్టుకుని విన్నాను. జవాబు అందులోనే ఉంది. ఆయన గాంధారం ఊగుతుంది, ఆ వెంటనే వచ్చే పంచమం రాయిలా నిలుస్తుంది. ఆపగలిగినవాడు ఊపితే అది కంపితం. ఆపలేనిది వణుకు. నాయుడుగారి కంపితంలో నేను ఇన్నేళ్లు మెచ్చుకున్నది ఊపును కాదు, ఊపుకు ముందూ తరువాతా ఉన్న నిలకడను. మాస్టారు ఏడాదిన్నర నా చేత కదలని స్వరాలే ఎందుకు వాయింపించారో అప్పుడు పూర్తిగా తెలిసింది.

మరుసటి వారం మాస్టారికి ఉన్న సంగతి చెప్పాను. ఆయన మానేయమనలేదు, పరవాలేదని తీపి కబుర్లూ చెప్పలేదు. కూర్చోబెట్టి విల్లు పట్టించి చూశారు. నిదానంగా లాగే పొడుగు విల్లులో, ముఖ్యంగా కొస దగ్గర, వణుకు స్పష్టంగా వినపడింది. విల్లు నడిమి భాగంలో, చేతి బరువు తీగ మీద ఆనించి, కాస్త చురుకుగా నడిపితే తగ్గింది. ఇక నుంచి కొస వాడవద్దన్నారు, మోచేయి దించమన్నారు, టీ తాగకముందు ఉదయం పూటే సాధన చేయమన్నారు. ఎడమచేతికి వణుకు రాలేదు కనుక కంపితానికి ఇబ్బంది లేదన్నారు.

ఇప్పుడు రోజూ ఉదయం ఇరవై నిమిషాలు వాయిస్తాను. కొన్ని రోజులు బాగానే ఉంటుంది. కొన్ని రోజులు అయిదు నిమిషాలకే పెట్టె మూస్తాను. నాయుడుగారి పొడుగు విల్లు ఈ జన్మకు నాకు రాదు. నా చిన్న విల్లులో పంచమం నిలబడిన రోజు మాత్రం ఆ పూట భోజనం రుచిగా ఉంటుంది.

చివరి మాట

నాయుడుగారు 1964 నవంబరు 25న, 71వ యేట పరమపదించారు. కుమార్తె ద్వారం మంగతాయారు గారు, కుమారుడు భావనారాయణరావు గారు ఆయన బాణీని కొనసాగించారు. 1993లో శతజయంతి సందర్భంగా తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. చూపు మందమైన పిల్లవాడిగా మొదలై, చేరడానికి వెళ్లిన కళాశాలకే ఆచార్యులై, ఆపైన ప్రిన్సిపాలై, పక్కవాద్యాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి వెళ్లిన మనిషి ఆయన. తనకు తక్కువైన దానిని తలుచుకుంటూ కూర్చోకుండా, ఉన్నదానిని మెరుగు పెట్టుకున్నారు.

మన సభ్యుల్లో చేతివణుకు ఉన్నవారు చాలామంది ఉన్నారని నెలవారీ సమావేశాల్లో రిజిస్టరులో సంతకాలు చూస్తే తెలుస్తూనే ఉంటుంది. సిగ్గుపడి ఇంట్లో దాచుకోకండి. ముందు డాక్టరుకు చూపించండి. అది ఏ రకమో తెలిశాక, మీకు ఇష్టమైన పని కుట్టుపనైనా, ముగ్గైనా, చదరంగమైనా, దానిని ఏ మార్పుతో కొనసాగించవచ్చునో నేర్పేవారిని అడగండి.

ఇక కార్యవర్గం వారికి ఒక విన్నపం. నవంబరు సమావేశంలో ఎలాగూ లైఫ్ సర్టిఫికెట్ల గురించి, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. అది అయిన తరువాత, టీలు వచ్చేలోపు ఒక పది నిమిషాలు నాయుడుగారి రికార్డు ఒకటి వేయించగలరు. రికార్డూ, స్పీకరూ నేను తెస్తాను. కరెంటు పాయింటు ఒక్కటి చూపిస్తే చాలు. తగిన నిర్ణయం నిమిత్తం పరిశీలనకు సమర్పిస్తున్నాను.